ధనశేఖర్ చల్లుకొచ్చినవి

రేణిగుంట స్టేషన్‌కు వెనకవైపు, గూడ్సు రైళ్లు ఆగేచోటికి ఎదురుగా ధనశేఖర్ వాళ్ల బొరుగుల బట్టీ ఉంది. తెల్లారేసరికి పొయ్యిలో ఊక అంటుకుంటుంది. ఏడు గంటలకల్లా మూకుట్లో ఇసుక కాగి ఉంటుంది. ఉప్పునీళ్లు పట్టించి ఎండబెట్టిన బియ్యాన్ని ధనశేఖర్ ఒక దోసెడు అందులో వేసి, చీపురు పుల్లల కట్టతో నాలుగు తిప్పులు తిప్పి జల్లెట్లోకి తోడతాడు. ఇసుక కిందికి రాలిపోతుంది, బొరుగులు పైన మిగులుతాయి. భార్య రాజశ్రీ వాటిని సంచులకెత్తుతుంది. తల్లి శకుంతలమ్మ అరుగు మీద కూర్చుని, వచ్చినవాళ్లకు పడితో కొలిచి పోస్తూ, మధ్యమధ్యలో కొడుకుని తిడుతూ ఉంటుంది.

తిట్టడానికి కారణం లేకపోలేదు. ధనశేఖర్‌ది దుబారా చెయ్యి. పడి అడిగినవాడికి రెండు పడులు పోసే రకం. ఆ దుబారా బొరుగులతో ఆగి ఉంటే ఆ ఇంట్లో ఎవరికీ ఏడవాల్సిన పని ఉండేది కాదు. తాగుడుకు వెళ్లినా, పేకాటకు వెళ్లినా, స్నేహితులతో కలిసి ఊళ్లమీద పడినా, తనలోంచి ఏదో ఒకటి పారబోసుకుని వచ్చేవాడు. శ్రీకాళహస్తిలో పేకాడిన రోజున ఓపికను అక్కడే వదిలేశాడు. రైల్వే గేటు దగ్గర బ్రాందీ షాపులో నవ్వును వదిలేశాడు. తిరుపతిలో ఒక లాడ్జీలో మూడు రోజులు మందు పార్టీ చేసుకుని, నిద్రను ఆ గదిలోనే పారేసుకుని వచ్చాడు. తర్వాత ఆ గదిలో దిగిన యాత్రికులంతా ఒళ్లు తెలియకుండా నిద్రపోయి దర్శనం టైము దాటబెట్టుకుంటున్నారని లాడ్జీ మేనేజరే ఫోన్ చేశాడు.

"మీ ఆయన నిద్ర ఈడ్నే ఉండాది మేడం. వచ్చి తీసకపోండి. బెంగుళూరోళ్లు గొడవ సేస్తా ఉండారు" అన్నాడు.

రాజశ్రీ వెళ్లి తెచ్చేది. పెళ్లయిన మొదటి ఏడాది నుంచీ ఆమెకు అదీ ఒక ఇంటిపనే, కుళాయి దగ్గర నీళ్లు పట్టుకురావడం లాంటిదే. అవి కంటికి కనిపించవు, చేతికి తెలుస్తాయి. నవ్వు అరచేతిలో చీమలు పాకినట్టు గిలిపెడుతుంది. నిద్ర తడిసిన దుప్పటంత బరువుంటుంది. షాపులవాళ్లు వాటిని గల్లాపెట్టె పక్కనో గూట్లోనో భద్రంగా ఉంచేవాళ్లు. రాజశ్రీ వాళ్లకు ఒక సంచి బొరుగులిచ్చి, తన సొత్తు కొంగున ముడేసుకుని బస్సెక్కేది. ఇంటికొచ్చాక మొగుడు అన్నం తింటుంటే అతని నెత్తి మీద ఆ ముడి విప్పేది. కండక్టర్లకు కూడా ఈ సంగతి తెలుసు. ముడి ఉన్న రోజున ఆమెకు కిటికీ పక్క సీటు చూపించేవాళ్లు.

కాకపోతే, తెచ్చిన ప్రతిదీ కొంచెం తగ్గి వచ్చేది. మూడోసారి తెచ్చిన నవ్వు పెదాల్లో ఒక పక్కకే సరిపోయింది. నిద్ర రాత్రికి రెండు గంటలు మిగిలింది. ఊళ్లోవాళ్లు మాత్రం ధనశేఖర్‌ది పెద్ద మనసు అనేవాళ్లు. అంత పెద్ద మనసైతే ఇంట్లో పిసరంతయినా ఎందుకుండదో ఎవరూ అడగలేదు. అడిగితే వాళ్లకు ఉచితంగా దొరికే బొరుగులు దొరకవు మరి.

ఒక్కటి మాత్రం అతను ఎన్నడూ ఎక్కడా పారేసుకోలేదు. అది కూతురి మీద ప్రేమ. పవిత్ర ఏడో తరగతి చదువుతోంది. రోజూ పొద్దున ఆ పిల్ల బడికి బయల్దేరే వేళకు, ముందురోజు ఎంత తాగి వచ్చినా సరే, ధనశేఖర్ పొయ్యి దగ్గర్నుంచి లేచేవాడు. పుస్తకాల సంచి ముందు తన చేత్తో ఎత్తి బరువు చూసేవాడు. ఎక్కువుందనిపిస్తే ఒకటో రెండో పుస్తకాలు తీసి తన సైకిల్ మీద తర్వాత తెచ్చిస్తానని పక్కన పెట్టేవాడు. సంచి ఆమె భుజానికి తగిలించి, ఆమె వీధి చివర మలుపు తిరిగేదాకా ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడేవాడు. ఈలోపు మూకుట్లో బియ్యం నల్లగా మాడిపోయేది. రోజుకు ఒక మూకుడు అలా మాడిపోతున్నా శకుంతలమ్మ ఒక్క మాట అనేది కాదు. రాజశ్రీ కూడా ఆ మాడు వాసన కోసమే ఆ ఇంట్లో ఉంటున్నాననుకునేది.

ఆషాఢంలో ఒకరోజు తడ నుంచి ధనశేఖర్ స్నేహితుడు మునిప్రసాద్ ఫోన్ చేశాడు. వాళ్ల నాయన గోవిందస్వామి పోయాడు. శవయాత్రకు మూడు సంచుల బొరుగులు కావాలన్నాడు. ఆ ప్రాంతంలో పాడె ముందు నడుస్తూ ఒకరు బొరుగులూ చిల్లర డబ్బులూ కలిపి దారి పొడుగునా చల్లుతారు. శ్మశానం చేరేలోపల బొరుగులు అయిపోతే పోయినవాడికి దారి తప్పుతుందంటారు. అందుకే బట్టీవాళ్లు దూరం ఎంతో అడిగి మరీ సంచులు కడతారు. రాజశ్రీకి ఆ లెక్క నిద్రలో లేపి అడిగినా తెలుసు.

కానీ ఆ రోజు ఆమెకు కడుపు మండింది. తాగుడు స్నేహితుడి ఇంటి చావుకు మొగుడు అంతా ఉచితమని మాటిచ్చేశాడు. 'ఎంతకని చల్లుతాడు ఈ మనిషి' అనుకుని, రెండు సంచులే కట్టి, మూడోది తలుపు వెనక దాచేసింది. ఆ ఇంట్లో ఆమె మిగిలించిన వస్తువు ఏదైనా ఉందంటే అదొక్కటే.

ఆ రెండు సంచులతో తడకు వెళ్లి రాత్రికి తిరిగొచ్చిన ధనశేఖర్ మర్నాడు పొద్దున మామూలుగానే పొయ్యి ముందు కూర్చున్నాడు. పవిత్ర పుస్తకాల సంచి అరుగు మీద పెట్టి ఎదురుగా వచ్చి నిలబడింది. అతను తలెత్తి చూశాడు.

"ఏం పాపా, ఎన్ని పడులు?" అన్నాడు.

ఆటేమో అనుకుని పవిత్ర నవ్వింది. అతను నవ్వలేదు. పడి చేతిలోకి తీసుకుని జవాబు కోసం చూస్తున్నాడు.

"ఒక పడి" అంది పిల్ల చివరికి.

అతను కొలిచి, అలవాటు కొద్దీ ఇంకో పడి ఎక్కువ పోసి, కాగితంలో పొట్లం కట్టి ఇచ్చాడు. పవిత్ర ఆ పొట్లం పట్టుకుని, తన సంచి తానే తగిలించుకుని వెళ్లిపోయింది. ఆ పొద్దున మూకుడు మాడలేదు.

"పవిత్ర గదయ్యా అది" అంది రాజశ్రీ.

"ఓ, పవిత్రా" అన్నాడు ధనశేఖర్. కొత్త బేరం పేరు గుర్తుపెట్టుకునేవాడిలా తల ఆడించి మళ్లీ ఇసుకలోకి చూసుకున్నాడు.

యాడ పారేసినావని అడిగితే అతనికి గుర్తులేదు. చావింటికి పోయి కూడా పారేసుకుంటాడని తోచక, రాజశ్రీ మూడు రోజులు తెలిసిన చోట్లే తిరిగింది. బ్రాందీ షాపులో లేదన్నారు. శ్రీకాళహస్తి పేకాట క్లబ్బులో గూళ్లన్నీ వెతికి చూపించారు. లాడ్జీ మేనేజరు పాపం మంచం కింద కూడా చూశాడు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి పవిత్ర గడప మీద కూర్చుని ముందు ఆమె కొంగు చూసేది, తర్వాత మొహం చూసేది.

"తెస్తానులే అమ్మీ" అనేది రాజశ్రీ.

నాలుగో రోజున మునిప్రసాద్ కర్మకు సరుకులు కొనుక్కోవడానికి తిరుపతి వెళ్తూ బట్టీ దగ్గర ఆగాడు. సంగతంతా అతనే చెప్పాడు.

"హైవే ఎడల్పు సేసినాక మా ఊళ్లో శ్మశానానికి నేరుగా దోవ లేదు సెల్లెమ్మా. బ్రిడ్జి కింద నుంచి సుట్టూ పోవాల. సగం దూరానికే బొరుగులు అయిపోయినాయి. ఈయప్ప అప్పటికే బాగా తాగి ఉండాడు. బట్టీ ఓనరు వచ్చి దోవలో బొరుగులు లేవంటాడా అని అందురూ నవ్వుతారని, రొమ్ములోకి సెయ్యి పెట్టి, దొరికింది దొరికినట్ల సల్లేసినాడు. శ్మశానం దాకా సల్లినాడు. ఆ సల్లడం సూడాల నువ్వు. మా ఊరోళ్లు ఇంకా సెప్పుకుంటా ఉండారు."

రాజశ్రీ తలుపు వెనక సంచి వైపు చూసింది. ఒక్క సంచి. బొరుగులు ఊదితే ఎగిరిపోతాయి, వాటిని మిగిల్చుకోవడానికి దాచింది. ఆమె బస్సు డబ్బులు తీసి లెక్కపెట్టుకుంది.

"పీనుగ ముందర సల్లింది గడప దాటి లోపలికి తేకూడదమ్మీ" అంది శకుంతలమ్మ. ముసలామె ఏడుస్తూనే ఉంది. "తెస్తే ఇంటికి మంచిది గాదు."

"తేకూడనివి సానా వచ్చినాయత్తా ఈ గడప దాటి" అని రాజశ్రీ చెప్పులేసుకుంది.

శ్రీకాళహస్తి, నాయుడుపేట, సూళ్లూరుపేట దాటి తడలో దిగేసరికి మధ్యాహ్నమైంది. మునిప్రసాద్ ఇంటి ముందు నుంచి మొదలుపెట్టి శవం వెళ్లిన దారంతా నడిచింది. రోడ్డు వారన బొరుగులు వానకు తడిసి మట్టిలో అతుక్కుని ఉన్నాయి. కోళ్లు ఏరుకు తింటున్నాయి. తాను ఉప్పు పట్టించి ఎండబెట్టిన బియ్యాన్ని ఆమె ఎక్కడైనా గుర్తుపడుతుంది. బ్రిడ్జి కింద ఒకచోట బొరుగులు ఆగిపోయాయి. అక్కడి నుంచి శ్మశానం దాకా వట్టి మట్టే ఉంది. వంగి చేత్తో తడుముతూ పోయింది. ఏమీ తగల్లేదు.

సర్వీసు రోడ్డులో టీ అంగడి ఆవిడను అడిగింది. చంద్రకాంతమ్మ ఆమె పేరు. అడగడమే ఆలస్యం, వేలు పెట్టి చూపించింది.

"పంచరు ధర్మేంద్రను అడుగు. ఈ దోవలో పీనుగ పోయిందంటే ఆయప్ప ఎనకాలే వంగి సిల్లర ఏరుకుంటాడు. క్వార్టరుకు సరిపోవాల గదా. ఆ పొద్దు ఏం దొరికిందో ఏమో, అప్పటినించి బ్రాందీ అంగడి వైపే పోలా."

ధర్మేంద్ర పంచరు షాపు రోడ్డు పక్కనే, నాలుగు రేకులు వేసుకున్న కొట్టం. ఒక లారీ టైరు సగం ఊడదీసి ఉంది. రాజశ్రీ వెళ్లేసరికి డ్రైవరు పని కానిమ్మని కసురుతున్నాడు. ధర్మేంద్ర వినిపించుకోవడం లేదు. అన్నానికి వచ్చి మళ్లీ బడికి వెళ్తున్న కూతురి సంచి చేత్తో ఎత్తి బరువు చూస్తున్నాడు. దాన్ని పిల్ల భుజానికి తగిలించి, ఆమె బ్రిడ్జి మలుపు తిరిగేదాకా ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు.

రాజశ్రీకి వెతికే పని అయిపోయింది. నాలుగు రోజులుగా పట్టి ఉంచుకున్న ఏడుపు అక్కడ, ఆ టైర్ల మధ్య, పరాయి మగవాడి ముందు వచ్చేసింది.

ధర్మేంద్ర ఆమెకు స్టూలు వేశాడు. లారీ పని ముగించి, చేతులు కడుక్కుని వచ్చి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"నాదని ఎప్పుడూ అనుకోలేదక్కా. ఎవురో ఒకరు వస్తారని తెలుసు" అన్నాడు. "రూపాయి బిళ్లలు ఏరతా ఉంటే సేతికి వెచ్చగా తగిలింది. సుమ్మనే జేబులో ఏసుకున్న్యా. ఇంటికి పొయ్యేలోపల్నే లోపలికి దిగిపోయింది. వాళ్లమ్మ సచ్చిపోయినాక ఆ పాప తిన్నాదా లేదా అని ఒక్క పూట సూసినోణ్ణి గాదు నేను. మద్రాసులో ఎవురింట్లోనో పనికి పెడతామని బ్రోకరుకు మాటిచ్చేసినా. అడ్వాన్సు తాగేసినా. ఆ రోజు సాయంత్రం బ్రోకరు వచ్చినాడు. పాప సంచీ కట్టుకుని వాకిట్లో నిలబడి ఉండాది. ఎట్ల పంపిస్తా అక్కా. ఒక జాకీ అమ్మేసి ఆయప్ప దుడ్డు ఆయప్పకు ఇచ్చేసి పంపించినా."

రాజశ్రీ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"మీకూ పాప ఉండాదా?"

"ఉండాది. పవిత్ర."

అతను తల వంచుకున్నాడు. రొమ్ములోకి చెయ్యి పెట్టి, జాగ్రత్తగా తీసి, ఆమె చాచిన కొంగులో ఉంచాడు. అప్పుడే గుడ్డులోంచి వచ్చిన కోడిపిల్లలా వెచ్చగా ఉంది. ఆమె ఆశ్చర్యపడింది. ఏది తెచ్చినా తగ్గి వచ్చేది కదా, ఇది పిసరంత కూడా తగ్గలేదు. ముడేసి, రెండో ముడి కూడా వేసింది.

తిరుగు బస్సు ఐదింటికి. ఎండగా ఉందని, అక్కడే రేకుల కింద కూర్చోమన్నాడు ధర్మేంద్ర. తాను వెళ్లి ట్యూబుకు అతుకు వేసుకుంటున్నాడు. చేతులు పని చేస్తున్నాయి కానీ, మొహం కడిగిపెట్టిన గిన్నెలా ఖాళీగా ఉంది. నాలుగున్నరకు బడి విడిచినట్టున్నారు. పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చింది.

"నాయనా" అంది.

ధర్మేంద్ర తలెత్తాడు. "ఏం పాపా, సైకిల్‌కి గాలి కొట్టాల్నా?"

పిల్ల నవ్వలేదు. ఆటేమో అని కూడా అనుకోలేదు. ఈ చూపు ఆమెకు పాతదే. నాలుగు రోజులు దొరికింది, అయిపోయింది అన్నట్టు, చప్పుడు చేయకుండా సంచి భుజం మీంచి తీసి, పేర్చిన పాత టైర్ల వెనక్కి వెళ్లి నక్కి కూర్చుంది. ఆ సందు ఆమె ఒంటికి సరిగ్గా సరిపోయింది. చాలా ఏళ్లుగా కూర్చుంటున్న చోటని చూడగానే తెలుస్తోంది.

రాజశ్రీ ముడి మీద చెయ్యి వేసుకుని రోడ్డు వైపు తిరిగింది. ఇది నా కూతురిది, అనుకుంది. ఎవరో తాగుబోతు ఏరుకున్నంత మాత్రాన వాడిదైపోతుందా. ఐదింటి బస్సు వచ్చింది. ఆమె లేచి, రోడ్డు దాటి, మెట్టు మీద కాలు కూడా పెట్టింది.

అప్పుడు ఇంటికి వెళ్లాక జరిగేదంతా ఆమెకు కళ్లముందు కనిపించింది. ధనశేఖర్ అన్నం తింటుంటే నెత్తి మీద ముడి విప్పుతుంది. మర్నాడు మూకుడు మాడుతుంది. పవిత్ర నవ్వుతుంది. అలా ఎన్నాళ్లు ఉంటుంది? ఒకసారి రొమ్ములోకి చెయ్యిపెట్టి చల్లడం నేర్చినవాడు మళ్లీ చల్లకుండా ఉంటాడా? గంగ జాతరలోనో, ఎవరి పెళ్లి ఊరేగింపులోనో, నలుగురు ఆహా అంటే చాలు, మళ్లీ పారబోస్తాడు. అప్పుడు ఎవరి కాళ్ల కింద పడుతుందో. పవిత్ర మళ్లీ ఒక పడి అని అడగాలి. పదమూడేళ్లు అతను పారేసిన ప్రతిదాన్నీ ఏరి తెచ్చింది రాజశ్రీ. ఇకమీదట అతను దేన్నైనా నిలుపుకుంటాడని నమ్మడానికి తనలో ఏమైనా మిగిలిందా అని వెతుక్కుంది. ఏమీ లేదు. ఆ పిల్ల మీద జాలి కంటే ఈ నమ్మకం లేకపోవడమే ఆమెను మెట్టు మీంచి దింపింది.

"ఎక్కుతావా అమ్మా లేదా" అని కండక్టరు అడిగాడు.

"మీరు పోండి" అంది.

రేకుల కిందికి వచ్చి, ట్యూబు మీద వంగి ఉన్న ధర్మేంద్ర నెత్తి మీద రెండు ముళ్లూ విప్పేసింది. అతను కాసేపు కదలకుండా ఉన్నాడు. తర్వాత ఆత్రంగా లేచి, "పాపా, రూపా, యాడుండావు" అంటూ టైర్ల వెనక్కి పోయాడు. లోపల్నుంచి పిల్ల ఏడుపు వినిపించింది. మంచి ఏడుపు, గట్టిగా ఏడ్చే ఏడుపు. రాజశ్రీ అది వినలేక ఆరింటి బస్సు కోసం టీ అంగడి దాకా నడిచి అక్కడ నిలబడింది.

నాయుడుపేట దగ్గర ఫోన్ మోగింది. శ్రీకాళహస్తి పేకాట క్లబ్బు అతను.

"మీ ఆయన మధ్యాహ్నం వచ్చినాడమ్మా. సిగ్గును ఈడ వదిలేసి పోయినాడు. రేపు వచ్చి తీసకపోతారా?"

"మీరే వాడుకోండి" అంది రాజశ్రీ.

ఇంటికొచ్చేసరికి పవిత్ర గడప మీదే ఉంది. లోపల ధనశేఖర్ ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడు. పిల్ల కొంగు చూసింది. తర్వాత మొహం చూసింది.

"దొరకలేదా మా?"

అబద్ధం చెప్పడానికి రాజశ్రీకి చేతకాలేదు. పక్కన కూర్చుని ఉన్నది ఉన్నట్టు చెప్పింది. తలుపు వెనక దాచిన సంచి సంగతి కూడా చెప్పింది. పవిత్ర మధ్యలో ఆపకుండా విన్నది.

"ఆ పాప ఎన్నో తరగతి?"

"ఆరంట."

పవిత్ర వీధి వైపు చూస్తూ కూర్చుంది. ఎదురుగా గూడ్సు రైలు కదిలి, పెట్టెలన్నీ ఒక్కొక్కటే దాటిపోయాయి.

"ఆరులో భిన్నాలు వస్తాయి మా" అంది చివరికి. "నాకు ఎంతకీ రాకపోతే నాయనే కూర్చోబెట్టుకుని, అరుగు మీద బొరుగులు కుప్పలు కుప్పలు పోసి చెప్పినాడు. అది ఇప్పుడు వాళ్ల నాయన దగ్గర ఉంది కదా, ఆ పాపకి భయం లేదులే."